ఖాళీ కొక్కెం

కైరీ మా ఊళ్ళో బస్సు దిగిన రోజున, సంచీ భుజానికి సర్దుకునేలోపే ముగ్గురు ఆమెను పలకరించారు. ముగ్గురూ అడిగింది ఒకే ప్రశ్న, ఎక్కడికి పోతున్నావని. ఆ పిల్ల బిత్తరపోయింది. వాళ్ళ ఎస్టోనియాలో, అడవుల మధ్యనున్న చిన్న పట్నంలో, ముక్కూ మొహం తెలియని మనిషి అలా అడిగితే తాగి ఉన్నాడనుకుంటారు, లేకపోతే దొంగ అనుకుంటారు. అక్కడ పక్కింటివాళ్ళు సైతం మంచు మరీ విపరీతంగా కురిసిన ఏడాదే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారట. మా పోర్ట్ హాల్డెన్‌లో అలా కాదు. ఎక్కడికని అడగని మనిషికి పొగరనుకుంటాం.

ఆమె తనకు తోచిన జవాబు చెప్పింది. "అటు," అని వేలు చూపించి నడిచిపోయింది. రొట్టెల కొట్టు ముందు నిలబడ్డ ఆ ముగ్గురూ సాయంత్రం దాకా ఆ "అటు" గురించే మాట్లాడుకున్నారు.

ఇలాంటి పిల్లలు మాకు కొత్తేం కాదు. వీపున ఇల్లంత సంచీ మోసుకుంటూ దేశాలు తిరుగుతారు, చేతిలో డబ్బులు అయిపోయిన చోట ఏదో ఒక పనిలో చేరతారు. ఆస్ట్రేలియాలో ఇంకో ఏడాది ఉండాలంటే మాలాంటి మారుమూల ఊళ్ళలో కొన్ని నెలలు ఒళ్ళొంచి పనిచెయ్యాలని సర్కారు వారి షరతు. మాకా, పనికి మనుషులు దొరకరు. అందుకని వాళ్ళు వస్తారు, ఉంటారు, వీసా పని కాగానే సంచీ సర్దుకుని పోతారు. కైరీ కూడా అలాగే పోయే మనిషేనని అందరం అనుకున్నాం. ఆమె కూడా అలాగే అనుకుంది.

తినే ఆల్చిప్పల్ని పెంచి అమ్మే షెడ్డులో పనికి పెట్టుకున్నది టాష్. షెడ్డుకి పెద్ద దిక్కు ఆవిడే. ముప్పై అయిదేళ్ళుంటాయి, గొంతు విప్పితే జెట్టీ చివర పక్షులు లేచిపోతాయి. మొదటి రోజు పొద్దున్నే కైరీ చేతిలో ఒక రబ్బరు లాగు పెట్టింది. బూట్లతో కలిపి కుట్టిన లాగు అది, ఛాతీ దాకా వస్తుంది, భుజాల మీదికి పట్టీలుంటాయి. అది లేకుండా మా నీళ్ళల్లో దిగితే చలికి పళ్ళు టకటకలాడతాయి.

"ఇదిగో పిల్లా, ఈ గోడకున్న కొక్కేల్లో ఇది నీది. నీళ్ళల్లోంచి వచ్చాక లాగు ఇక్కడ తగిలించాలి. నీకు జ్వరమొచ్చినా, నీ ప్రియుడు బయట కారు హారన్ కొడుతున్నా సరే, తగిలించాకే ఇంటికి పోవాలి. తెలిసిందా?"

కైరీ తలూపింది. ఎందుకని ఆమె అడగలేదు. ఎందుకో టాష్ చెప్పలేదు. మా ఊరివాళ్ళకి అది పాలతోపాటు వంటబట్టిన సంగతి, విడమరచి చెప్పాలని ఎవరికీ తోచదు. శుభ్రం కోసమనుకుంది కైరీ. శుభ్రమంటే ఆమెకీ ఇష్టమే.

మా పని గడియారం ప్రకారం సాగదు, సముద్రం ప్రకారం సాగుతుంది. పాటు తీసి, అంటే సముద్రం వెనక్కి తగ్గి, నీళ్ళు నడుములోతుకి దిగినప్పుడు బల్లపరుపు పంటు పడవల మీద అఖాతంలోకి వెళ్ళాలి. అక్కడ కొయ్యల మధ్య వరసలు వరసలుగా తాళ్ళు కట్టి ఉంటాయి, వాటికి నల్లటి బుట్టలు వేలాడుతుంటాయి. దిగి, బుట్టలు తిప్పి, ఎదిగిన ఆల్చిప్పలున్నవాటిని పంటు మీదికెత్తి, పోటు తిరిగి నీళ్ళు పెరిగేలోపు ఒడ్డున పడాలి. కైరీకి ఆ పని నచ్చింది. నీళ్ళల్లో ఎవరూ ఏమీ అడగరు.

ఒడ్డున మాత్రం ఆమెకు రోజుకో ఆశ్చర్యం. ఎదురొచ్చే ప్రతి కారులోనూ స్టీరింగు మీదినుంచి ఒక వేలు లేచేది, మా పలకరింపు అది. వీళ్ళకేమైనా జబ్బా అనుకుంది. అంగడికి చెప్పుల్లేకుండా వచ్చేవాళ్ళను చూసి, పాపం బీదవాళ్ళు కాబోలనుకుంది. ఒకరోజు గిబ్బో, మా రెండో పంటు నడిపేవాడు, పరిచయమైన రెండో గంటలో తన కారు తాళాలు ఆమె చేతిలో పడేసి, "చేపలకి ఎర తెచ్చిపెట్టు, పో," అన్నాడు. తాళాలు పట్టుకుని ఆమె అక్కడే బొమ్మలా నిలబడింది. నా పేరు కూడా సరిగ్గా తెలియదు కదా వీడికి అని.

అన్నింటికన్నా పెద్ద దెబ్బ నోరీన్. కైరీ అద్దెకున్న కారవాన్ల పార్కు, అంటే చక్రాల మీది ఇళ్ళ వాడ, నోరీన్‌ది, ఆవిడ మొగుడు మెర్వ్‌ది. తలుపు కొట్టడమనే అలవాటు ఆవిడకు పుట్టి బుద్ధెరిగి లేదు. రెండో రోజే వేయించిన వైటింగ్ చేపల పళ్ళెంతో నేరుగా లోపలికి నడిచింది. కైరీ అప్పుడే స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని ఉంది, కెవ్వుమంది.

"అరవకు తల్లీ, నీ దగ్గరున్నదేదో నా దగ్గరా ఉండేది ఒకప్పుడు. తిను, చల్లారిపోతుంది."

మర్నాటినుంచి కైరీ గొళ్ళెం పెట్టుకోవడం మొదలుపెట్టింది. నోరీన్ బయట నిలబడి ఊరంతా వినబడేలా అడిగింది. "ఏంటమ్మా గొళ్ళెం? లోపల ఎవర్నైనా చంపుతున్నావా? సాయం కావాలంటే చెప్పు, నాక్కూడా ఒకణ్ణి చంపాలనుంది."

పక్క కారవాన్‌లో ఉండే ఫాకుందో అర్జెంటీనావాడు. షెడ్డులోనే పని. ఆ పిల్ల ఎంత మాట్లాడదో వీడు అంత మాట్లాడతాడు. "ఏమ్మా మౌనవ్రతం, ఇవాళ్టి మాటల కోటా అయిపోయిందా, ఇంకా ఒకటేమైనా మిగిలిందా?" అని రోజూ ఉడికించేవాడు. ఆమె ఒక చిన్న నవ్వు నవ్వేది. చెప్పకుండా రావడం, చెప్పకుండా పోవడం ఆమె దృష్టిలో మర్యాద. తన రాకపోకలతో పక్కవాణ్ణి విసిగించకూడదని ఆమెను పెంచారు. పనయ్యాక ఎటో నడిచి వెళ్ళేది, ఎప్పుడో వచ్చేది, ఎవరికీ తెలిసేది కాదు.

ఇక మెర్వ్. డెబ్భై దాటాయి, పని మానేసి చాలాకాలమైంది. ఆ వరసల్లో సగం ఒకప్పుడు ఆయనవే. ఇప్పుడు మధ్యాహ్నానికి షెడ్డు గుమ్మంలో బోర్లించిన పెట్టె మీద వచ్చి కూర్చుంటాడు. పంటులు వచ్చి, అందరూ వెళ్ళిపోయాక లేచి గోడ వెంట నడుస్తూ ఒక్కొక్క లాగునూ వేలితో తాకుతాడు. కైరీ వైపు చూసి ఏనాడూ ఒక మాట అనలేదు. ఆమె అంతకన్నా అనలేదు. ముసలాయనకి మా మీద నమ్మకం లేదు, మేము దొంగిలిస్తామని లెక్క చూసుకుంటున్నాడు అనుకుంది. మనసు చివుక్కుమంది కూడా.

ఇలా కొన్నాళ్ళు గడిచాయి. చలికాలం మొదలయ్యేసరికి ఆమె కూడా గిబ్బో కారు నడుపుతూ స్టీరింగు మీదినుంచి ఒక వేలు లేపడం ఫాకుందో చూశాడట. వాడు ఆ వార్తని పబ్బులో ప్రకటించి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు.

ఆ రోజు సముద్రం పొద్దున్నే పాటు తీసింది. రెండు పంటులూ వెళ్ళాయి. కైరీ టాష్ పంటులో వెళ్ళింది గానీ, మధ్యలో గిబ్బోకి చెయ్యి సాయం కావాలంటే వాడి పంటు ఎక్కింది. పని ముగించి ముందుగా ఒడ్డుకి వచ్చింది వాళ్ళే. గిబ్బో బుట్టల్ని లారీకెక్కించుకుని అటునుంచి అటే నగరం దారి పట్టాడు. ఆ దారిలో గంటల తరబడి ఫోన్ సిగ్నలే ఉండదు.

కైరీ షెడ్డులో లాగు విప్పి చూసుకుంది. మోకాలి దగ్గర కుట్టు విడిపోయి, లోపలికి నీళ్ళు కారుతున్నాయి. ఇలా చిరిగినదాన్ని తగిలిస్తే మెర్వ్ వచ్చి వేలు పెట్టి చూస్తాడు, ఎవరు చింపారని అడుగుతాడు. తలవంపులు. కారవాన్‌లో మంచి జిగురుంది, తానే అతికించి పొద్దున్నే తెచ్చి పెడితే ఎవరికీ తెలియదు. అలా అనుకుని లాగు చుట్ట చుట్టి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. కొక్కెం ఖాళీగా మిగిలింది.

శ్రద్ధగల పిల్ల చేసిన పని. మా ఊళ్ళో పుట్టిన సోమరిపోతు ఎవడూ కలలో కూడా చెయ్యని పని.

కుట్టు అతికించి, ఆరడానికి కారవాన్ వెనక పరిచి, ఫోన్ మంచం మీదే వదిలేసి, ఆమె ఊరవతలి రాళ్ళ దగ్గరికి నడిచింది. అక్కడ గాలి తగలని మూల ఒకటుంది. ఎండలో వెచ్చగా పడుకుని నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి మబ్బు కమ్మి ఎండ పోయింది. దక్షిణం నుంచి చల్లటి గాలి లేచింది. కళ్ళు నులుముకుని చూస్తే అఖాతం నిండా పడవలు. చేపల పడవలు, సరదా పడవలు, పబ్బు యజమాని డొక్కు పడవ కూడా. అన్నీ నెమ్మదిగా, ఒకదానికొకటి ఎడంగా కదులుతున్నాయి. ఏదో చేపల గుంపు వచ్చినట్టుంది, ఊరంతా ఎగబడ్డారు అనుకుని నవ్వుకుంది. నాకెవరూ చెప్పలేదే అని కూడా అనుకుంది, కాస్త ఉక్రోషంగా. ఆ ఉక్రోషం తనకే కొత్తగా తోచింది.

ఊళ్ళోకి వచ్చేసరికి వీధిలో పిట్ట లేదు. రొట్టెల కొట్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. పొయ్యిలో రొట్టెలు మాడుతున్న వాసన. బడి ముందు అమ్మలు గుంపుగా నిలబడి సముద్రం వైపు చూస్తున్నారు, ఎవరూ ఆమె వైపు తిరగలేదు. కైరీ ఇక ఆగలేదు. అడుగు పెద్దది చేసి షెడ్డులోకి వెళ్ళింది.

షెడ్డు వెనక గదిలో పడవలతో మాట్లాడే రేడియో సెట్టుంది. దాని ముందు నోరీన్ కూర్చుని ఉంది, మైకు నోటి దగ్గర. అలికిడికి తల తిప్పింది. మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. లేచింది, కుర్చీ వెనక్కి పడింది. రెండడుగుల్లో వచ్చి కైరీ మొహాన్ని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని చెంపలు, చెవులు, జుట్టు తడిమింది.

"పొడిగా ఉన్నావేంటే?" అంది. "పొడిగా ఉన్నావు. ఎక్కడ చచ్చావే? ఎక్కడ చచ్చావు?"

"రాళ్ళ దగ్గర... నిద్రపోయాను," అంది కైరీ. "ఏమైంది? ఎవరు పోయారు?"

"నువ్వే!"

కైరీకి అర్థం కాలేదు. నోరీన్ ఆమెను చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళి గోడ చూపించింది. బారుగా వేలాడుతున్న రబ్బరు లాగులు, మధ్యలో ఒక ఖాళీ. లాగు కొక్కేనికి లేదంటే మనిషి నీళ్ళల్లో ఉన్నట్టు. ఆ గోడకి ఉన్న అర్థం అంతే. పిల్లని గిబ్బో ఒడ్డుకి తెచ్చాడనే అనుకుంది టాష్, తీరా వచ్చి చూస్తే కొక్కెం ఖాళీ. గిబ్బో ఫోన్ మోగదు. కారవాన్ తలుపు తీసి ఉంది, ఫోన్ మంచం మీద ఉంది, మనిషి లేదు. వెనక పరిచిన లాగుని చూసిన కన్ను లేదు.

కైరీ గుమ్మంలోంచి అఖాతం వైపు చూసింది. ఆ పడవలన్నీ చేపల కోసం కాదు. చేపల గుంపనుకుని తను నవ్వింది. ఈ భూమ్మీద తను ఏ మూల నిద్రపోయినా అడిగే నాథుడు లేడన్నది ఆమెకు ఎప్పుడూ ఒక సుఖం. ఇక్కడ తన కోసం పొయ్యిలో రొట్టెలు మాడబెట్టుకున్నారు.

నోరీన్ మైకు అందుకుంది. "అందరికీ చెబుతున్నా. పిల్ల దొరికింది. ఒడ్డునే ఉంది, నా పక్కనే ఉంది, క్షేమం. వచ్చెయ్యండి."

ఒక్కొక్క పడవ నుంచీ జవాబు వచ్చింది. ఎవరో ఈల వేశారు. ఎవరో భోరుమన్నారు. ఫాకుందో తన భాషలో ఏదో గట్టిగా అరిచాడు, తిట్టో ప్రార్థనో తెలియలేదు. ఒక్క గొంతు మాత్రం రాలేదు.

"మెర్వ్, విన్నావా? పిల్ల దొరికింది. ఇంటికి రా."

గరగరమని చప్పుడు. తర్వాత ఆయన గొంతు, గాలి హోరులో.

"ఆనాడూ ఇదే చెప్పావు, నోరీన్."

నోరీన్ మైకు దగ్గరికి వంగింది. "ఒట్టు, మెర్వ్. ఇదిగో, తనతోనే మాట్లాడు." మైకు కైరీ నోటికి ఆనించింది. "మాట్లాడవే, మాట్లాడు!"

"నేను... కైరీని. నేను బాగానే ఉన్నాను. నన్ను క్షమించండి. దయచేసి వచ్చెయ్యండి."

సెట్టు మళ్ళీ గరగరమంది. తర్వాత చాలా నెమ్మదిగా, "ఎవరమ్మా నువ్వు? ఆ పిల్ల మాట్లాడదు," అన్నాడు. సెట్టు కట్టేసిన చప్పుడు వినిపించింది.

ఇన్ని నెలల్లో తను ఆ మనిషితో ఒక్కటంటే ఒక్క మాట మాట్లాడలేదు. తన గొంతెలా ఉంటుందో ఆయనకి తెలియదు.

"ఆనాడు అంటే ఏంటి?" అంది కైరీ.

నోరీన్ కిటికీలోంచి చూస్తూ చెప్పింది. ఏ భావమూ లేని గొంతుతో, కూరలో ఉప్పు సంగతి చెబుతున్నట్టుగా. "మెర్వ్‌కి తమ్ముడుండేవాడు, కొలిన్. నువ్వు పుట్టక ముందు సంగతి. అన్నదమ్ములిద్దరూ వరసల్లో దిగారు. పోటు తిరిగింది, వాడు కనబడలేదు. ఈయన వెతుకుతూనే ఉన్నాడు. గాలి ఇలాగే లేచింది. ఎవరు చెప్పినా వినడు. ఇంకాసేపుంటే లాగులోకి నీళ్ళు దిగి ఈయనా పోయేవాడు. మాకు పెళ్ళై ఏడాది కాలేదు. ఈ సెట్టు ముందే కూర్చుని చెప్పాను. కొలిన్ దొరికాడు, జెట్టీ మీద టీ తాగుతున్నాడు, వచ్చెయ్ అని."

"వచ్చారా?"

"నవ్వుతూ వచ్చాడు. జెట్టీ మీద ఎవరూ లేరు."

కైరీ పడిపోయిన కుర్చీని లేపి నిలబెట్టింది.

"కొలిన్ మళ్ళీ దొరకలేదు. మర్నాడు ఈయన గోడకి కొక్కేలు కొట్టాడు. నేను వంట చేశాను, తిన్నాడు. అప్పట్నించీ కలిసే ఉన్నాం. ఆ మాట మాత్రం ఇవాళ్టిదాకా ఎత్తలేదు. మర్చిపోయాడనుకున్నాను తల్లీ. దేవుడి మీద ఒట్టు, మర్చిపోయాడనుకున్నాను."

కైరీకి ఇప్పుడర్థమైంది. ముసలాయన లెక్క పెట్టుకుంటున్నది సామాను కాదు. అక్కడ ఇప్పుడు నీళ్ళు పెరుగుతున్నాయి, ఆయన చచ్చిపోతే అది తన జిగురు డబ్బా వల్ల, తన నోరు మెదపనితనం వల్ల.

టాష్ గొంతు వచ్చింది సెట్టులో. "నోరీన్, ముసలాడు పాత వరసల్లో ఉన్నాడు. గిబ్బో పంటు వేసుకొచ్చి, దిగి నీళ్ళల్లో నడుస్తున్నాడు. పెద్ద పడవలు అక్కడికి రాలేవు. ఇద్దరు దగ్గరికెళితే తెడ్డుతో కొడతానన్నాడు. అయినా అక్కడెందుకు వెతుకుతున్నాడు? అక్కడ మనం పనే చెయ్యం కదా!"

"నువ్వు జెట్టీకి రా," అంది నోరీన్. "పిల్లని తీసుకెళ్ళి చూపిద్దాం. కళ్ళతో చూస్తే తప్ప నమ్మడు."

టాష్ పంటు జెట్టీకి తగిలీ తగలకముందే కైరీ దూకింది. ఆమె వెనకే నోరీన్ కూడా ఎక్కడం చూసి టాష్ నోరు వెళ్ళబెట్టింది. ఆవిడ పడవెక్కగా మా తరంలో ఎవరూ చూడలేదు. టాష్ కైరీని ఎగాదిగా చూసి, "నీ సంగతి తర్వాత చెబుతా," అంది. అని, తన చలికోటు విప్పి ఆమె మీద పడేసింది.

పాత వరసలు అఖాతం చివర ఉన్నాయి. ఇప్పటి తాళ్ళూ బుట్టలూ కావవి, ఒకప్పుడు ఆల్చిప్పలు పెంచిన కొయ్య పట్టాలు, గుంజల మీద పరిచిన చెక్క అటకల్లాంటివి. నల్లగా కుళ్ళి, కొనలు మాత్రం పైకి కనబడుతుంటాయి. వాటి మధ్య మెర్వ్, ఇంట్లో దాచుకున్న తన పాత లాగు వేసుకుని, ఛాతీలోతు నీళ్ళల్లో ఉన్నాడు. అల వచ్చినప్పుడల్లా నీళ్ళు ఆయన లాగు అంచు మీదినుంచి లోపలికి పోతున్నాయి. ఒక్కొక్క పట్టా దగ్గరా ఆగి, వంగి, చెంప నీళ్ళకి ఆనించి, చెయ్యి కిందికి పెట్టి తడుముతున్నాడు. మునిగిన మనిషిని వెతికే పద్ధతి అది. ఆ చెయ్యి వెతుకుతున్నది తన శవాన్ని అనుకుంది కైరీ.

పంటు మీద లేచి నిలబడింది. జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది. "మెర్వ్!"

ఆయన తలెత్తాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆమెను చాలాసేపు చూశాడు.

"నువ్వేనా?"

"నేనే. ఒడ్డునే ఉన్నాను. లాగు చిరిగితే అతికిద్దామని ఇంటికి తీసుకెళ్ళాను. నాకు తెలియదు. నాకు నిజంగా తెలియదు."

ఆయన తలూపాడు. "మంచిది," అన్నాడు. "మంచిదమ్మా." అని, తర్వాతి పట్టా దగ్గరికి నడిచి మళ్ళీ వంగాడు.

పంటు మీద ముగ్గురూ కొయ్యబారిపోయారు.

"మెర్వ్!" టాష్ కేకపెట్టింది. "పిల్ల ఇదిగో, చూశావు కదా! ఇంకేం వెతుకుతున్నావు? పైకెక్కు, మతి పోయిందా నీకు?"

"చూశాను. మీరు పొండి. నేనొస్తా."

నోరీన్‌కి ముందుగా అర్థమైంది. పంటు అంచు పట్టుకుని కూలబడిపోయింది. "కొలిన్ ఇక్కడ లేడు, మెర్వ్," అంది. "అబద్ధం చెప్పాను. నిన్ను పోగొట్టుకోలేక చెప్పాను. రా, నీ కాళ్ళు పట్టుకుంటా, వచ్చెయ్."

ఆయన వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు. గొంతులో కోపం లేదు. దానికే భయమేసింది అందరికీ.

"ఆనాడు నువ్వు పిలిచేసరికి అన్ని వరసలూ చూసేశాను నోరీన్. ఈ వరసొక్కటే మిగిలింది. ఇది చూడకుండా వచ్చేశాను. తర్వాత వారం తుఫాను, ఎవర్నీ పోనివ్వలేదు. ఆ తర్వాత చూసినా లాభం లేదన్నారు." ఒక అల ఆయన గడ్డం దాకా వచ్చి వెనక్కి పోయింది. "ఇవాళ ఎలాగూ దిగాను. ఇది చూసి వస్తా."

వరస ఇంకా సగానికి పైగా ఉంది. ఆయన నడిచే నడకకి, నీళ్ళు పెరిగే పెరుగుదలకి పొంతన లేదు. బలవంతంగా లాగుదామంటే పట్టాల మధ్యకి పంటు పోదు. టాష్ రేడియో అందుకుని, ఎవర్ని పిలవాలో తెలియక మళ్ళీ పెట్టేసింది. పళ్ళు కొరుక్కుంటూ ఏడుస్తోంది ఆ రాక్షసి.

కైరీ చలికోటు విప్పింది.

"ఏం చేస్తున్నావే?" అంది టాష్.

"ఆ చివర దింపు నన్ను," అంది కైరీ. "నేను అటునుంచి వస్తాను. ఆయన ఇటునుంచి వస్తారు. తొందరగా అయిపోతుంది."

టాష్ నోటికొచ్చిన బూతులన్నీ తిట్టింది. తిడుతూనే ఆమె నడుముకి తాడు కట్టింది, తిడుతూనే పంటుని వరస చివరికి తిప్పింది. కైరీ మామూలు ప్యాంటుతో దిగింది. నీళ్ళు భుజాల దాకా వచ్చాయి. చలికి గుండె ఆగినంత పనైంది. మొదటి పట్టా దగ్గర ఆగి, వంగి, చెంప నీళ్ళకి ఆనించి, చెయ్యి కిందికి పెట్టింది. నాచు తగిలింది, పెంకులు గీరుకున్నాయి. ఉత్తుత్తిగా పెట్టి తీసెయ్యొచ్చు. ఎవరు చూస్తారు? కానీ ఆమె అడుగుదాకా పెట్టి, ఇసక తగిలేదాకా తడిమింది.

"ఇక్కడ లేడు," అని గట్టిగా చెప్పింది.

మెర్వ్ నిలబడిపోయి ఆమె వైపు చూశాడు. తర్వాత తన పట్టా కింద చెయ్యి పెట్టి చూసి, "ఇక్కడా లేడు," అన్నాడు.

ఆమె రెండో పట్టా చూసింది. "ఇక్కడ లేడు." ఆయన చూశాడు. "ఇక్కడా లేడు." పంటు మీద నోరీన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఆ మాట వచ్చినప్పుడల్లా తలూపుతోంది. దూరంగా ఆగిన పడవల్లోంచి ఎవరూ చప్పుడు చెయ్యలేదు. అంతమంది మా ఊరివాళ్ళం ఒకచోట చేరి నోరు మూసుకుని ఉండటం అదే మొదలు. ఎప్పుడూ పెదవి కదపని పిల్ల గొంతు మాత్రం నీళ్ళ మీద ఆగి ఆగి వినబడింది, ప్రతిసారీ అదే మాట.

వరస మధ్యలో చివరి పట్టా దగ్గర ఇద్దరూ కలిశారు. నీళ్ళు ఆమె మెడ దాకా ఉన్నాయి. ఆయన మొహం దగ్గరగా కనబడింది, ముసలి మొహం, చలికి వణుకుతూ. ఇద్దరూ రెండు పక్కలనుంచీ ఒకేసారి వంగారు. పట్టా కింద నీళ్ళల్లో ఆమె చేతికి ఒక చెయ్యి తగిలింది. ఒళ్ళు జలదరించి వెనక్కి లాక్కోబోయింది. అది ఆయన చెయ్యే. ఆయన దాన్ని వదల్లేదు.

"లేడు," అన్నాడు మెర్వ్.

"లేడు," అంది కైరీ.

ఆయన పంటు వైపు తిరిగి రెండో చెయ్యి పైకెత్తాడు. "పైకి లాగు నోరీన్," అన్నాడు. "లాగులో నీళ్ళు నిండాయి, నేను ఎక్కలేను."